'పరాధీనులు' అంటే మా అమ్మ సంతకం పెట్టనంటోంది. 'ఆదరువు' అని రాయొచ్చా?

కావలిపిల్ల:

అందరికీ నమస్కారం. ఇక్కడ తెలుగు బాగా వచ్చినవాళ్ళు ఉన్నారని అడుగుతున్నా. చదివి నవ్వకండి.

నేను ఒంగోలు దగ్గర ఒక రొయ్యల ప్లాంటులో అకౌంట్స్ చూస్తాను. మాది కావలి పక్కన పల్లె. ఈ ఏడు ఇంట్లోవాళ్ళకి కూడా ఇన్సూరెన్సు చేయిస్తామని మా కంపెనీ వాళ్ళు ఒక ఫారం ఇచ్చారు. రొయ్యలు వలిచే ఆడవాళ్ళకి కూడా అర్థం కావాలని తెలుగులో అచ్చేయించారు. అంతవరకూ మంచిదే. అందులో మూడో గడిలో 'ఉద్యోగి యొక్క పరాధీనులు' అని ఉంది. దాని కింద పేరు, వయసు, సంబంధం, సంతకం లేదా వేలిముద్ర.

ఆదివారం ఇంటికి పోయి అమ్మకి చదివి వినిపించా. అమ్మ ఐదో తరగతి వరకు చదివింది, సంతకం పెడుతుంది, వేలిముద్ర అంటే ఒప్పుకోదు. వరండాలో కూర్చోని చేటలో బియ్యం ఏరతా ఉంది.

"పరాధీనులంటే ఏందమ్మే?" అంది.

"నా మీద ఆధారపడినవాళ్ళని" అన్నా.

చేట పక్కన పెట్టేసింది.

"నేను నీ మీద ఎప్పుడు ఆధారపడ్డానే? ఒకటో తారీఖు తెల్లారేసరికి పింఛను నాలుగు వేలు ఇంటికి తెచ్చిస్తన్నారు. రెండు బర్రెలుండాయి. పొద్దునా సాయంత్రం పాలు పోస్తండా. పోయినేడు మీవోళ్ళు రెండు నెల్లు జీతం ఆపితే పిల్లోడి ఫీజు ఎవురు కట్టారు? ఆ రెండు నెల్లు నువ్వు నాకు పరాధీనురాలివా?"

నా దగ్గర సమాధానం లేదు. ఫీజు కట్టింది ఆమే. పాల డబ్బులు, చీటీ పాడిన డబ్బులు కలిపి చెంగున ముడేసుకొని ఒంగోలు బస్సెక్కి వచ్చింది. ఆ ముడి విప్పేటప్పుడు నోట్లకి పేడ వాసన. స్కూల్లో క్యాష్ కౌంటర్ దగ్గర అబ్బాయి ముక్కు ఎగబీల్చాడు గూడా.

సరే, 'ఆసరా' అని రాస్తానులే అన్నా. "ఆసరా అంటే డ్వాక్రా డబ్బులు గదా, అయ్యి ఎప్పుడో అయిపోయినయి" అంది. 'చేయూత' అన్నా. "అదీ పథకమే." భరోసా అనబోయి ఊరుకున్నా, ఆమె పింఛను పుస్తకం మీద ఉండేది ఆ మాటే. మన గవర్నమెంట్లు మంచి మాటలన్నీ వరసబెట్టి వాడేసుకున్నాయి, మనకి మిగిల్చింది పరాధీనులు.

చివరికి ఆమే చెప్పింది. "రాస్తే ఆదరువు అని రాయి. నీకు నేను ఆదరువు, నాకు నువ్వు ఆదరువు. అట్టాగైతే సంతకం పెడతా."

నా చిక్కు ఏంటంటే, నాకు ఆదరువు అంటే కూర. "ఈ పూట అన్నంలోకి ఏం ఆదరువు?" అనే మేము అనేది. ఇన్సూరెన్సు ఫారంలో అమ్మని కూర అని రాస్తే ఏం బాగుంటుంది? ఆదరువుకి నిజంగా ఆ అర్థం ఉందా, లేక అమ్మ సొంతంగా కల్పించిందా? ఇంకోటి, ఆధారపడటం అంటే అంత తక్కువ మాటా? మనం రోజూ అంటానే ఉంటాం గదా. ఫారం శుక్రవారానికి ఇవ్వాలి.

సింగరాయకొండ సీను:

ఇంత దూరం ఎందుకక్కా, సంతకం పెట్టించేయండి. రేపు ఆసుపత్రిలో ఆ మాట ఎవరూ చదవరు, ఆధార్ నంబరు కొట్టి చూస్తారు. ఆధార్ అన్నా ఆధారమే గదా, దానికి మీ అమ్మ ఏమీ అనలేదా?

కావలిపిల్ల:

అడిగా తమ్ముడూ. "అది కార్డు, మాట గాదు" అంది.

ఆత్మకూరు పంతులు:

అమ్మాయ్, మీ అమ్మగారిది న్యాయమైన కోపం. ఆ ఫారం రాసినాయన ఇంగ్లీషు ముక్కకి నిఘంటువు తిరగేసి బరువుగా కనపడిన మాట ఏరుకున్నట్టుంది.

ఆధారం వేరు, అధీనం వేరు. ఆధారంలో ఉన్నది సంస్కృతంలోని 'ధృ' అనే ధాతువు, అంటే పట్టి నిలపడం. ధరణి, ధర్మం ఆ పుట్టుకే. కింద ఉండి మోసేది ఆధారం. అధీనం అట్లా కాదు, ఒకరి చెప్పుచేతల్లో ఉండటం. 'స్వాధీనం చేసుకున్నారు' అంటామే, అందులో ఉన్నది ఆ అధీనమే. పోలీసులు బండిని స్వాధీనం చేసుకుంటారు, బ్యాంకువాళ్ళు ఇల్లు స్వాధీనం చేసుకుంటారు. బతికున్న మనిషిని పట్టుకొని పరాధీన అంటే ఆమె తాళంచెవి ఇంకొకరి మొలతాడుకి ఉన్నట్టు. రెండు బర్రెలు పితికే ఆవిడ ఎందుకు ఒప్పుకుంటుంది?

'ఆధారపడు' సంగతికొస్తే, చివర 'పడు' ఉంది కాబట్టి అది చిన్నతనం అని కొందరు చెబుతారు. బాధపడు, సిగ్గుపడు, భయపడు వరసలో దాన్నీ కూర్చోబెడతారు. నేనొప్పుకోను. ముచ్చటపడు, ఇష్టపడు, స్థిరపడు, వీటిలో ఏం చిన్నతనం ఉంది? తేడా అంతా దేని మీద ఆధారపడ్డామన్న దాంట్లో ఉంది. 'మా సాగు వానల మీద ఆధారపడింది' అంటే ఏ రైతుకీ రోషం రాదు. 'కూతురి మీద ఆధారపడింది' అంటే తల్లికి వస్తుంది. వాన ఎప్పుడూ ఎత్తిపొడవదు గదా.

తెలుగువాడికి నిజంగా కుట్టాలని ఉంటే ఆధారపడు అని నాజూకుగా అనడు. దానికి వేరే సరంజామా ఉంది. 'పంచన చేరాడు' అంటాడు. పంచ అంటే ఇంటి చూరు కింద చోటు. వానకి తడవకుండా అక్కడ నిలబడొచ్చు, లోపలికి రమ్మని మాత్రం ఎవరూ అనరు. 'చూరు పట్టుకొని వేలాడుతున్నాడు' అంటే గబ్బిలం. అన్నిటికన్నా చేదు మాట 'మోచేతి నీళ్ళు తాగడం'. పైనున్నవాడు దోసిలిపట్టి తాగుతుంటే మోచేతి మీదుగా కారే చుక్కల కోసం కిందివాడు నోరు తెరవడం. ఆ మాట పుట్టిన రోజుల్లో కొందరిని బావి దగ్గరికి రానిచ్చేవాళ్ళు కాదు, ఎత్తునుంచి పోస్తే దోసిలి పట్టాలి. అందుకే ఆ మాట నేను క్లాసులో చెప్పాల్సి వచ్చినప్పుడల్లా కిటికీ వైపు చూసి చెప్పేవాణ్ణి.

ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే నేను ఇల్లటం అల్లుణ్ణి. 1974లో పెళ్ళి. మామగారికి మగపిల్లలు లేరు, మెట్ట నాలుగెకరాలు, చెరువు కింద రెండెకరాలు. మా నెల్లూరు వైపు రెడ్లలో, కమ్మవారిలో ఇల్లటం పాత ఆచారం. ఊరికే ఇల్లరికం రావడం కాదది. అల్లుడు వచ్చి ఆ ఇంటి సేద్యం ఎత్తుకుంటాడు, ఆ ఇంటి ఆస్తిలో కొడుకులాగా భాగం పొందుతాడు. దత్తతలో పోయినట్టు పుట్టింటి హక్కు పోదు. మద్రాసు రోజుల్లో కోర్టులు కూడా ఒప్పుకున్నాయి. చట్టం ఒప్పుకుంది గానీ రచ్చబండ ఒప్పుకోలేదు. "పంచన చేరాడు" అని నా వెనక అనేవాళ్ళు, నేను వినేంత గట్టిగా. ఒకరోజు మా మామగారు అక్కడే నిలబడి, "పంచన చేరినోడు గాదురా, మా ఇంటికి నిట్రాడ" అన్నాడు. నిట్రాడ అంటే పూరింటికి నడిమధ్యన నిలబెట్టే గుంజ. ఇప్పటి పిల్లలకి పూరిల్లే తెలియదు, నిట్రాడ ఏం తెలుస్తుంది. ఇల్లు లేకుండా నిట్రాడ ఒట్టి కర్ర, నిట్రాడ లేకుండా ఇల్లు నేలమట్టం. ఎవరి మీద ఎవరు ఆధారపడ్డట్టు?

ఆదరువు మీ అమ్మగారి కల్పన కాదు. ఆధారం, ఆశ్రయం, ఆసరా అనే అర్థాలు నిఘంటువుల్లో ఉన్నాయి. అన్నంలోకి కూర అనే అర్థం దాంట్లోంచే వచ్చిందని నా అభిప్రాయం. ఒట్టన్నం గొంతు దిగదు, దానికి పక్కన ఒకటి ఆసరా కావాలి. కొందరు ఆధరువు అని ఒత్తు పెట్టి రాసి ఆధారం పక్కన కూర్చోబెడతారు. ఒత్తు లేకుండా రాస్తే ఆదరం పక్కన కూర్చుంటుంది. మీ అమ్మగారిని ఒత్తు పలికారో లేదో అడగండి. ఆసరా కూడా పరాయిది కాదు, మన ఆశ్రయమే ఉత్తరాదికి పోయి హిందీ నోట నలిగి ఆసరాగా తిరిగొచ్చింది.

ఫారం వరకైతే 'కుటుంబ సభ్యులు' అని రాయించండి, తగువు తీరుతుంది.

మద్రాసులో నెల్లూరోడు:

పంతులుగారూ, ఇక్కడ తమిళంలో 'ఆదరవు' రోజూ వినపడే మాట. ఎలక్షన్లొస్తే గోడల నిండా అదే, ఫలానా పార్టీకి మీ ఆదరవు ఇవ్వండని. వాళ్ళ లిపిలో ఒత్తులే లేవు కాబట్టి ఆ తగువూ లేదు. నేనొచ్చిన కొత్తలో ఒక గోడ చదివి, పార్టీకి కూర ఎందుకిస్తారు అనుకున్నా. పక్కనోడు చెబితే తెలిసింది. కూర అనే అర్థం మాత్రం ఇక్కడ ఎవరికీ తెలియదు, మా మెస్సులో అడిగి చూశా.

మా అమ్మదీ ఇదే వరస. నెలనెలా నేను డబ్బులు పంపిస్తే 'నా కొడుకు పంపిస్తన్నాడు' అనదు, 'దాచిపెట్టమని నాకిచ్చాడు' అంటుంది ఊళ్ళో. దాచిపెడుతుంది గూడా.

కొండపి రైతు:

నేను పుస్తకాలు చదివినోణ్ణి గాదు. కొండపి కాడ పొగాకు వేస్తా. పంతులుగారు చెప్పింది బానే ఉంది గానీ ఒక సంగతి చెప్పాలనిపించింది.

మా చేలల్లో 'బోడు' అని ఒకటి లేస్తది. పొగాకు మల్లె అని గూడా అంటారు. ఆ పేరు పెట్టిన పుణ్యాత్ముడెవరో గానీ ఒక్కసారి మా చేలో వంగి పీకితే తెలిసేది మల్లో ముల్లో. పొగాకు మొక్క మొదట్లో, జానెడు దూరంలో, నేల చీల్చుకొని పాలిపోయిన కాడ ఒకటి పైకొస్తది. ఆకు ఉండదు, పచ్చదనం ఉండదు. తెలుపూ ఊదా కలిసిన పూలు పూస్తది. చూస్తే పాపం అనిపిస్తది. కింద తవ్వి చూడు, దాని వేరు పోయి పొగాకు వేరుని కరుచుకొని ఉంటది. తనకంటూ ఆకు లేదు గాబట్టి వండుకునే పని లేదు, నీళ్ళూ బలమూ అన్నీ పొగాకు మొక్కవే. పొగాకు గిడసబారి ఆకు పలచనైపోతది. పూత రాకముందే పీకి చేను బయట తగలబెట్టాల. ఇత్తనం రాలిందా, అది దుమ్ములాగ ఉంటది, కంటికి ఆనదు, ఏళ్ళ తరబడి నేల్లో పడుకొని మళ్ళీ పొగాకు వేసినేడు లేస్తది. ఒక ఏడు కూలోళ్ళు దొరక్క మూడు రోజులు ఆలస్యం చేశా. ఆ చెక్కలో ఇప్పటికీ అనుభవిస్తన్నా.

పరాధీనులు అంటే అది. ఎవురన్నా ఫారంలో రాయాలంటే బోడుని రాయమను.

మా దొడ్లో దొండపాదు గూడా ఉంది. పందిరి లేకపోతే అది నేలన పడి కాయ కుళ్ళిపోద్ది. అయినా దాని వేరు దానిదే, దాని ఆకు దానిదే. పందిరికి అది చేసే నష్టం ఏందీ లేదు, పైగా ఎండాకాలం ఆ పందిరి కింద మంచమేసుకుంటే నీడ. మీ అమ్మ దొండపాదు. లేదా మీ అమ్మే పందిరి, నువ్వే పాదువి. మీరు తేల్చుకోండి.

ఇంకోటి. మా రైతులం 'ఆధారపడ్డాం' అనే మాట సామాన్యంగా వాడం. చేనుని 'నమ్ముకున్నాం' అంటాం. మోటుపల్లి కాడ చేపలు పట్టే పట్టపోళ్ళు గూడా సముద్రాన్ని నమ్ముకున్నాం అంటారు. ముంచేది అదే, తేల్చేది అదే, అయినా ఆధారపడ్డాం అని మాత్రం అనరు. నీళ్ళకైతే 'కింద' అంటాం. నా పొలం చెరువు కింద, ఆయన పొలం కాలవ కింద, ఇంకొకాయనది బోరు కింద. కింద అన్నందుకు ఎవురికీ చిన్నతనం లేదు, పైగా చెరువు కింద అంటే సంబంధాలు ముందొస్తయి. మనిషి కింద అంటే మాత్రం ఒప్పుకోం. వేలం రోజు పొగాకు బోర్డు ఫ్లాట్‌ఫారం కాడ బేళ్ళు పెట్టుకొని, కొనేవోడు ఎంత పాడతాడా అని నోరు తెరుచుకొని నిలబడతామే, అప్పుడు మేం ఎవురి మీద ఆధారపడ్డట్టు? ఆ గంటసేపూ దానికి పేరు పెట్టబుద్ధి గాదు.

ఆత్మకూరు పంతులు:

కొండపి రైతుగారికి దణ్ణం. 'నమ్ముకొను' నాకు తట్టలేదు. ముప్పై ఏళ్ళు పాఠం చెప్పా. ఆ 'కొను'లో ఉంది కిటుకు. ఆధారపడటం మనకి జరిగేది, నమ్ముకోవడం మనం చేసేది. నమ్ముకున్నవాడు తానే పోయి పట్టుకున్నాడు, ఎవరూ పడేయలేదు. పైన నేను 'పడు'ని కొంచెం ఎక్కువే వెనకేసుకొచ్చానేమో. బోడు గురించి ఒక మాట: బడిపుస్తకాల్లో దాన్ని పరాన్నజీవి అంటారు, పరుల అన్నం మీద బతికేది అని. మనుషులకైతే పరాన్నభుక్కు. ఇంగ్లీషువాళ్ళ మాట గ్రీకు నుంచి వచ్చింది, దానికీ పక్కవాడి కంచం దగ్గర తినేవాడనే అర్థం. అంత దూరంలో ఉన్నవాళ్ళకీ మనకీ ఈ విషయంలో తిట్టు కలిసింది.

సింగరాయకొండ సీను:

మా మామయ్య పదేళ్ళుగా ఒక లీడరు అండ చూసుకొని ఊరంతా అప్పులు చేశాడు. మా అమ్మమ్మ 'కుక్కతోక పట్టుకొని గోదారి ఈదతన్నాడు' అనేది. ఎలక్షన్ పోయింది, తోకా పోయింది. దీన్ని ఏ లెక్కలో వేస్తారు పంతులుగారూ?

ఆత్మకూరు పంతులు:

అండ. ఆదరువు లెక్కలో మాత్రం రాదు నాయనా.

కావలిపిల్ల:

ఏం జరిగిందో చెప్పకపోతే బాగుండదు.

బుధవారం ఫోన్లో అమ్మకి ఇదంతా చదివి వినిపించా. నిట్రాడ దగ్గర "ఆహా" అంది. మోచేతి నీళ్ళ దగ్గర ఏం మాట్లాడలేదు, కాసేపు లైన్లో బర్రె అరుపు ఒక్కటే. దొండపాదు సంగతికి మాత్రం నవ్వింది, "ఆయన తెలివైనోడు, రెండు వైపులా చెప్పి తప్పుకున్నాడు" అంది. ఒత్తు పలుకుతావా అంటే "ఏం ఒత్తు?" అని అడిగింది. పలకదు పంతులుగారూ. ఆదరమే.

గురువారం హెచ్‌ఆర్ మేడమ్ దగ్గరికి పోయి 'కుటుంబ సభ్యులు' అని మార్చమన్నా. కట్టలు కట్టలు అచ్చేయించేశాం, వచ్చే ఏడు చూద్దాం అంది. అయితే నా ఒక్క ఫారంలో కొట్టేసి రాసుకుంటా అన్నా. రాసుకోమంది. పెన్నుతో 'పరాధీనులు' కొట్టేసి పైన 'ఆదరువు' అని రాశా. సంబంధం గడిలో 'తల్లి'. మేడమ్ చదివి, "ఇదేంటి, కర్రీనా?" అంది. ఆమెది విశాఖపట్నం, అక్కడా ఆ అర్థం ఉందన్నమాట. మా వైపు మాట అని చెప్పా. ఆమె తల ఊపి, ఫారం పక్కన పెట్టుకొని కంప్యూటర్లో కొట్టింది: 'డిపెండెంట్, మదర్'. నా కళ్ళెదురుగానే.

అమ్మకి ఆ సంగతి కూడా దాచకుండా చెప్పా. "ఇంగ్లీషులో ఏమన్నా అనుకోనీ, అది నాకు తగల్దు" అంది.

సంతకం కోసం ఫారం బుధవారం సాయంత్రమే మా ఊరి బస్సు కండక్టరుకిచ్చి పంపించా అనుకుంటున్నారా, లేదు. రాత్రి నేనే పోయి పెట్టించుకొని తెల్లవారు బండికి వచ్చేశా. పెన్ను చేతిలోకి తీసుకొని, నేను రాసిన 'ఆదరువు' మీద వేలు పెట్టి అక్షరం అక్షరం కూడబలుక్కొని చదివి, అప్పుడు పెట్టింది. కొట్టేసి దిద్దడం మేడమ్‌ని అడక్కముందే చేసేశానన్నమాట, పైన కొంచెం అబద్ధం రాశా, క్షమించండి.

ఇందాకే ఫోన్ చేసింది. "ఏడు గంటల బస్సులో క్యారేజీ పంపిస్తండా, స్టాండులో తీసుకో. ఆదరువు పంపిస్తండా, అన్నం నువ్వొండుకో."

సింగరాయకొండ సీను:

అక్కా, ఏం పులుసు? కొర్రమీనా, బొమ్మిడాయిలా?

కావలిపిల్ల:

బొమ్మిడాయిలు. మామిడికాయ వేసి.